చంద్రకాంతం రాయి నిజంగా నీళ్ళు కారుస్తుందా? (అక్కకో ఉత్తరం)

పోయిన నెల ముత్యాల గురించి నాలుగు ముక్కలు రాస్తూ, చివర్లో "ముత్యం కొనలేనివాళ్ళు చంద్రుడికి చంద్రకాంతం పెట్టుకుంటారు" అని ఒక్క లైన్ వేశానంతే, ఈ నెల వచ్చినవన్నీ చంద్రకాంతం, అదే మూన్‌స్టోన్ అంటారే, ఆ రాయి ఉత్తరాలే. ఒడిశాలో గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, మల్కనగిరి నుంచి కూడా. కొన్ని వాయిస్ మెసేజ్‌లు, ఒకటైతే ఒరియా అక్షరాల్లో రాసిన తెలుగు, ఆ అమ్మాయి ఒరియా మీడియంలో చదువుకుందట, చదివించుకోడానికి మా అబ్బాయిని పిలవాల్సి వచ్చింది కానీ చాలా ముద్దుగా ఉంది ఉత్తరం. మా నాన్న పర్లాకిమిడిలో రాళ్ళు పొదిగే పని చేసేవాడు, నాకు తెలిసిందాంట్లో సగం ఆయన పనిబల్ల కింద కూర్చుని విన్నదే, మిగతా సగం తరవాత చదువుకున్నది. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

అక్కా, మా అత్తగారు పెళ్ళికి పెట్టిన వెండి ఉంగరంలో చంద్రకాంతం ఉంది. పున్నమి రాత్రి బయట పెడితే రాయి కరిగి నీళ్ళొస్తాయి అంటారావిడ. నేను నవ్వేశాను. మొన్న కుమార పున్నమికి పక్కింటి ఒరియా ఆడపిల్లలు చందమామకి పూజ చేసుకుంటుంటే ఈవిడ ఉంగరాన్ని ఇత్తడి పళ్ళెంలో పెట్టి డాబా మీద ఉంచారు. తెల్లారి చూస్తే నిజంగానే రాయి మీద చుక్కలు! ఆవిడ నా వైపు చూసిన చూపు ఉందే... ఏంటక్కా ఇది?
– ఓ పాఠకురాలు, గుణుపురం

చెల్లీ, రాయి సంగతి తరవాత, పళ్ళెం తడిసిందో లేదో చూశావా? డాబా మీద ఆరేసి మర్చిపోయిన బట్టలేమైనా ఉంటే అవీ తడిసే ఉంటాయి. అది మంచు. రాత్రి ఆకాశం మబ్బు లేకుండా ఉంటే నేల మీద ఉన్న వస్తువులన్నీ తమ వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడిపోతాయి, ఆ చల్లటి వస్తువుకి గాలిలో తేమ తగిలి చుక్కలు కడుతుంది, అంతకన్నా ఏం లేదు. మీ ఊరు వంశధార పక్కనే కాబట్టి గాలిలో తేమకి కరువు లేదు, ఆశ్వయుజం దాటితే చలి మొదలవుతుంది, ఇంక ఏ రాయి పెట్టినా ఏడుస్తుంది.

కానీ నాకొకటి తోస్తుంది, మన పూర్వులు పూర్తిగా ఊహించి చెప్పిన మాట కాదేమో ఇది. వెన్నెల బాగా కాసే రాత్రి అంటే మబ్బు లేని రాత్రే కదా, మంచు బాగా పడేదీ ఆ రాత్రే. వెన్నెల ఎక్కువున్న రోజు రాయి తడవడం వాళ్ళు కళ్ళారా చూసే ఉంటారు, కారణం దగ్గరే పొరపాటు పడ్డారు, వెన్నెలే కరిగిస్తోంది అనుకున్నారు. ఆ తరవాత కవుల చేతిలో పడితే ఇంక చెప్పేదేముంది. కాళిదాసు మేఘదూతంలో అలకాపురి మేడల్లో దారాలకి చంద్రకాంతాలు వేలాడదీసి ఉంటాయి, అర్ధరాత్రి వెన్నెల తగలగానే అవి నీటిబొట్లు రాల్చి ఆడవాళ్ళ ఒంటి అలసట తీరుస్తాయి. మన ప్రబంధాల్లో కూడా వెన్నెల వర్ణన మొదలైందంటే ఎక్కడో ఓ చోట చంద్రకాంత శిలలు కరగాల్సిందే. అయితే కావ్యాల్లో చెప్పిన రాయీ ఇవాళ షాపులో మూన్‌స్టోన్ అని అమ్మే రాయీ ఒకటేనని పట్టుబట్టక్కర్లేదు, పేరు మాత్రం దీనికి అలా అతుక్కుపోయింది.

పరీక్ష చెయ్యాలంటే ఇలా చెయ్యి. ఉంగరం పక్కన ఒక గాజు గోళీ, ఒక స్టీలు గరిటె పెట్టు. ఇంకో గోళీని కాస్త పక్కగా, విప్పిన గొడుగు కింద పెట్టు. పొద్దున్నే చూస్తే బయటివన్నీ తడిసి, గొడుగు కిందది పొడిగానో కొంచెం చెమ్మగానో ఉంటుంది, ఎందుకంటే దానికి ఆకాశం కనపడలేదు. అదే పని అమావాస్య నాడు, ఆకాశం తేటగా ఉన్న రోజు చెయ్యి, చంద్రుడు లేకపోయినా తడుస్తాయి. అత్తగారి ముందు మాత్రం చెయ్యకు. ఉంగరం ఇచ్చిన మనిషి ఆవిడ.

మరి నీళ్ళు లేకపోతే దాంట్లో ఆ వెలుగు ఏంటి? అటూ ఇటూ తిప్పితే లోపల ఏదో కదిలినట్టు ఉంటుంది, బ్యాటరీ లైటు మింగినట్టు.
– ఇంటర్ విద్యార్థి, రాయగడ

"బ్యాటరీ లైటు మింగినట్టు", ఇది నేను వాడేసుకుంటాను తమ్ముడూ, చెప్పకుండా.

పూరీ ఖాజా తిన్నావు కదా, పొర మీద పొర. ఈ రాయి కూడా అంతే. చంద్రకాంతం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాల కుటుంబంలోది. భూమి లోపల బాగా వేడిగా ఉన్నప్పుడు పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్, సోడియం ఉన్న ఫెల్డ్‌స్పార్ రెండూ కలిసిపోయి ఒకే ముద్దగా ఉంటాయి, చాలా చాలా నెమ్మదిగా చల్లారేటప్పుడు ఇంక కలిసి ఉండలేక విడిపోతాయి, కానీ రాయి అప్పటికే గట్టిపడింది కాబట్టి ఎక్కడికీ పోలేక కంటికి కనపడనంత పల్చటి పొరలుగా ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి. లోపలికి వెళ్ళిన వెలుతురు ఆ పొరలకి తగిలి చెదిరి బయటికొస్తుంది, అదే నువ్వు చూసే తేలే వెలుగు. పొరలు బాగా పల్చగా ఉంటే నీలం, మందంగా ఉంటే పాలలా తెలుపు. అందుకే నీలం తేలే రాయికి ధర ఎక్కువ, శ్రీలంకలో మీటియాగొడ అనే ఊరి రాయికి దాని వల్లే పేరు. మన దేశంలో తమిళనాడు కాంగేయం వైపు దొరుకుతాయి, ఇండియా రాళ్ళలో బూడిద రంగు, పీచ్ రంగు, గోధుమ రంగు కూడా ఉంటాయి, నాకైతే పీచ్ రంగువే ఇష్టం కానీ అడిగేవాళ్ళు తక్కువ. ఈ వెలుగుకి ఇంగ్లీషులో అడ్యులరెసెన్స్ అంటారు, స్విట్జర్లాండ్‌లో అడులా కొండల దగ్గర దొరికిన రాయి పేరు మీద.

ఇంకో సంగతి, ఆ పొరలు రాయి అడుక్కి సమాంతరంగా వచ్చేట్టు కొయ్యాలి, పైన గుండ్రంగా ఉబ్బుగా. కోత తప్పితే వెలుగు నడిమధ్య నిలబడకుండా ఓ పక్కకి జారిపోతుంది. మా నాన్న రాయిని కిటికీ దగ్గర పట్టుకుని తిప్పి తిప్పి "దీని వాకిలి ఎటుందో చూసినావా?" అనేవాడు. కొనేటప్పుడు మీరూ తిప్పి చూడండి, వెలుగు మధ్యలో నిలబడిందా లేదా అని.

అక్కా జయపురంలో రెయిన్‌బో మూన్‌స్టోన్ లాకెట్ తీసుకున్నాను, నీలం, పసుపు, కొంచెం గులాబీ అన్నీ మెరుస్తాయి. మా బావగారు అది మూన్‌స్టోనే కాదు, మోసపోయావు అని ఇంట్లో అందరి ముందు అన్నారు.
– పాఠకురాలు, జయపురం

మీ బావగారు సగం కరెక్టు, ఆ సగం కోసం అందరి ముందు అనక్కర్లేదు.

రెయిన్‌బో మూన్‌స్టోన్ అని మార్కెట్‌లో అమ్మేది ఖనిజం లెక్కలో లాబ్రడొరైట్, తెల్లటి రకం. అదీ ఫెల్డ్‌స్పార్ కుటుంబమే, పెదనాన్న పిల్లలు చిన్నాన్న పిల్లలు అన్నట్టు. అసలు చంద్రకాంతం పొటాషియం వైపు, ఇది సోడియం కాల్షియం వైపు. ల్యాబ్‌లో వెలుతురు ఎంత వంగుతోందో కొలిస్తే తేలిపోతుంది, అసలుదానికి 1.52 దగ్గర వస్తుంది, దీనికి 1.56 దాకా వెళ్తుంది. కానీ ఇది కూడా భూమిలో పుట్టిన రాయే, అందమైన రాయే, వ్యాపారంలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తున్నారు, గాజు ముక్క కాదు. మోసం ఎప్పుడంటే, "శ్రీలంక నీలం చంద్రకాంతం" అని చెప్పి ఆ ధర తీసుకుని ఇది చేతిలో పెడితే. నీకు రెయిన్‌బో అనే చెప్పి రెయిన్‌బోయే ఇచ్చారు, హాయిగా వేసుకో. దాంట్లో నల్లగా పుల్లల్లా ఏమైనా కనిపిస్తే కంగారు పడకు, చాలావాటిలో టూర్మలీన్ అనే ఇంకో ఖనిజం అలా ఇరుక్కుని ఉంటుంది.

మా పాప విశాఖ ట్రిప్‌లో బీచ్ దగ్గర ఒక దండ కొంది, మూన్‌స్టోన్ అని చెప్పారట, మొత్తం దండ చాలా తక్కువకే ఇచ్చేశారు. చాలా నీలంగా, చాలా క్లియర్‌గా ఉంది.
– ఓ తల్లి, బరంపురం

అమ్మా, "చాలా క్లియర్‌గా, చాలా తక్కువకి" అని మీరే జవాబు రాసేశారు. అది ఒపలైట్ అని ఒక గాజు. నల్లటి బట్ట మీద పెడితే నీలంగా కనిపిస్తుంది, అదే పూసని కిటికీ వైపు ఎత్తి వెలుతురు దాని గుండా వచ్చేట్టు చూస్తే నారింజ రంగులోకి తిరుగుతుంది. భూతద్దం ఉంటే లోపల గుండ్రటి గాలి బుడగలు దొరకొచ్చు. ఇంకా సులువైంది, గాజులో నీలం అన్నివైపుల నుంచీ ఒకేలా ఉంటుంది, అసలు చంద్రకాంతంలో వెలుగు ఒక కోణంలో వచ్చి ఇంకో కోణంలో మాయమైపోతుంది. పాప వేసుకోనీండి, దండ బాగానే ఉండి ఉంటుంది.

నమస్తే అండీ. మా ఆవిడ ఉంగరంలో చంద్రకాంతం లోపల జెర్రి లాంటిది కనపడుతోంది, నిజంగా కాళ్ళతో సహా. మొన్న ఒక షాపులో చూపిస్తే జెర్రి దోషం, ఇంట్లో ఉంచకూడదు, మార్చేసి ఇంకోటి తీసుకోండి అన్నారు. మా ఆవిడ రెండు రోజులుగా సరిగా తినట్లేదు.
– పాఠకుడు, పర్లాకిమిడి

మా ఊరే! ముందు ఆవిడకి ఈ పేజీ చూపించి అన్నం పెట్టండి.

ఆ జెర్రి రాయి పుట్టుకలో వచ్చిందే. ఇందాక చెప్పానే, పొరలు విడిపోయేటప్పుడు లోపల బిగుతు వస్తుంది, దాని వల్ల సన్న పగుళ్ళు ఒక గీతగా వచ్చి, దానికి అటూ ఇటూ చిన్న చిన్న పగుళ్ళు కాళ్ళలా వస్తాయి. రత్నాల చదువులో కూడా దాన్ని ఇంగ్లీషులో జెర్రి అనే పిలుస్తారు, అంటే సముద్రాలవతల వాళ్ళకీ అదే తోచిందన్నమాట. చంద్రకాంతంలో అది చాలా మామూలు, ఇంకా చెప్పాలంటే అది ఉంటే మీ రాయి గాజు కాదు అని ఒక సాక్ష్యం దొరికినట్టు. గాజులో జెర్రి ఎక్కడినుంచి వస్తుంది?

దోషం అంటూ ఏమైనా ఉంటే అది వేరే. పగుళ్ళు రాయి పైదాకా వచ్చి ఉంటే దెబ్బ తగిలినప్పుడు అక్కడ విరిగే అవకాశం ఎక్కువ. గోరు మెల్లగా ఆనించి లాగి చూడండి, పైన నున్నగా ఉండి జెర్రి లోపలే ఉంటే భయం లేదు. "మార్చేసి ఇంకోటి తీసుకోండి" అన్న మాటలో దోషం రాయిది కాదని మీకూ అర్థమయ్యే ఉంటుంది.

కటక్ తారకాశి పెండెంట్, మధ్యలో చంద్రకాంతం, మా అమ్మ ఇచ్చింది. వెండి నల్లబడింది, రాయి కూడా మబ్బుగా అయిపోయింది, వెలుగే రావట్లేదు. వెండి డిప్‌లో ముంచనా? చింతపండా? టూత్‌పేస్టా? యూట్యూబ్‌లో ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తున్నారు.
– పాఠకురాలు, బరంపురం

ఆ మూడూ వద్దు, ముఖ్యంగా టూత్‌పేస్టు. కారణం చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే మిగతా సగం జాగ్రత్తలు మీకే తోచేస్తాయి.

రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా ఒక కొలతలో చెప్తారు, మోస్ స్కేల్ అని. వజ్రం 10. చంద్రకాంతం 6 నుంచి 6.5 మధ్యలో. మన రోడ్ల మీద లేచే దుమ్ములో ఇసక ఉంటుంది, ఇసక అంటే క్వార్ట్జ్, అది 7. అంటే మామూలు దుమ్మే ఈ రాయిని గీకగలదు! బీరువా మీద దుమ్ము తుడిచినట్టు పొడిబట్టతో రాయిని రుద్దితే ఉప్పుకాగితం పెట్టినట్టే. మీ రాయి మబ్బేసింది అన్నారు కదా, రెండిట్లో ఏదో ఒకటి, ఒకటి కొబ్బరినూనె, సబ్బు, పౌడరు కలిసి పట్టిన జిడ్డు, అది పోతుంది. రెండోది ఏళ్ళ తరబడి పడిన సన్న గీతలు, అది కడిగితే పోదు, రాళ్ళు సాన పట్టేవాళ్ళ దగ్గర మళ్ళీ పాలిష్ చేయించుకోవాలి, చేయిస్తే కొత్తరాయిలా వస్తుంది.

జిడ్డుకి ఇలా. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, వేడివి కాదు, దాంట్లో రెండు చుక్కలు గిన్నెల సబ్బు ద్రవం. ముందు పెండెంట్‌ని ఉత్త నీళ్ళతో జాడించండి దుమ్ము పోడానికి, తరవాత సబ్బునీళ్ళలో ముంచి పిల్లల మెత్తటి బ్రష్‌తో మెల్లగా, ముఖ్యంగా రాయి వెనకవైపు, అక్కడే జిడ్డంతా దాక్కుంటుంది. మళ్ళీ మంచినీళ్ళు, మెత్తటి నూలుబట్ట మీద అద్ది ఆరనివ్వండి. తారకాశి పని సన్న వెండి తీగలతో అల్లింది, బ్రష్ గట్టిగా తోస్తే తీగ వంగిపోతుంది, మళ్ళీ సరిచేసే చెయ్యి మన బరంపురంలో దొరకడం కష్టం, కటక్ వెళ్ళాలి. వెండి నలుపుకి వెండి తుడిచే బట్ట అమ్ముతారు, దాన్ని చిన్న కొస మడిచి వెండి మీద మాత్రమే, రాయికి తగలకుండా. నగల షాపుల్లో అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేస్తామంటారు, ఆవిరి కొడతామంటారు, రెండూ వద్దని చెప్పండి. ఈ రాయి పుట్టుకే అంత, రెండు దిక్కుల్లో చాలా సులువుగా, పలక చీలినట్టు చీలిపోతుంది, ఆ అదురుకీ ఆ వేడికీ తట్టుకోలేదు.

వేడి గురించి మా ఇంట్లో జరిగిందే చెప్తాను. ఒకావిడ ఉంగరం బిగుతైంది, పెద్దది చెయ్యమని తెస్తే నాన్నకి ఆ రోజు తొందర, రాయి తియ్యకుండా తడిగుడ్డ చుట్టి అతుకు పెట్టాడు. టిక్ మని చిన్న శబ్దం, అంతే, రాయి మధ్యకి రెండు. ఆవిడకి వేరే రాయి కొని పెట్టిచ్చాడు, వారం రోజుల కూలి పోయింది, ఆ విరిగిన రెండు ముక్కలూ చాలా ఏళ్ళు ఆయన డబ్బాలో ఉండేవి, పారేసేవాడు కాదు. కాబట్టి ఎక్కడ రిపేరుకి ఇచ్చినా "ముందు రాయి తీసి తరవాత నిప్పు పెట్టండి" అని చెప్పి ఇవ్వండి. రాయి చుట్టూ అంచు కట్టి పొదిగిందైతే లోహపు గోళ్ళతో పట్టుకున్నదాని కన్నా క్షేమం, ఉంగరాలకి ముఖ్యంగా, గిన్నెలు తోమే చేతికి ఈ రాయి ఉంగరమే వద్దు అంటాను నేను, చెవులకీ మెడకీ చాలా బాగుంటుంది.

దాచేటప్పుడు విడిగా చిన్న గుడ్డ సంచిలో. వజ్రం కమ్మలతో కలిపి వేశారంటే తెల్లారేసరికి గీతలు.

జ్యోతిష్కుడు చంద్రుడు నీచలో ఉన్నాడు, 5 రత్తీల చంద్రకాంతం పచ్చిపాలలో ముంచి సోమవారం పెట్టుకోమన్నారు. పాలలో ముంచితే పాడవుతుందా?
– పాఠకుడు, మల్కనగిరి

పాలకి రాయి పాడవదు, కాసేపు ముంచి తీసి నీళ్ళతో కడిగెయ్యండి, లేకపోతే పగుళ్ళలో పాలు ఎండి వాసనొస్తుంది. నవరత్నాల్లో చంద్రుడిది ముత్యం, చంద్రకాంతం ఉపరత్నం, అది సంప్రదాయం. పెట్టుకుంటే మనసుకి నెమ్మది అంటారు. రాయికి ఆ గుణం ఉందని నేను చెప్పను, నమ్మకం మీది. కానీ ఒకటి, జాతకం చెప్పినాయనే రాయి కూడా అమ్ముతానంటే బయట ఇంకో చోట ధర అడిగి చూడండి. ఉంగరం రాత్రంతా నానబెట్టిన నీళ్ళు తాగమంటే మాత్రం వద్దు, అతుకులో ఏ లోహం కలిపారో మనకేం తెలుసు.

శ్రీలంక టూర్‌లో అనురాధపురంలో గైడ్ "మూన్‌స్టోన్" అని ఒక మెట్టు చూపించాడు, పెద్ద బండ! అదీ ఇదీ ఒకటేనా?
– రిటైర్డ్ మాస్టారు, రాయగడ

పేరు ఒకటే మాస్టారూ. అది సందకడ పహణ, గుడి మెట్ల కింద అర్ధచంద్రం ఆకారంలో చెక్కిన రాతిపలక, ఏనుగులు, గుర్రాలు, సింహాలు, ఎద్దులు, హంసలు వరసల్లో ఉంటాయి. ఆకారం చంద్రుడిది కాబట్టి ఆ పేరు. మనకీ చంద్రకాంత అంటే సాయంత్రం పూసే పువ్వుంది, పెసరపప్పుతో చేసే స్వీటుంది, ఏదీ రాయి కాదు.

అత్తా, నేను ఆరో తరగతి. మూన్‌స్టోన్ చంద్రుడి మీద నుంచి వచ్చిందా? మా ఫ్రెండ్ అవును అంటున్నాడు, నేను కాదన్నాను, ఐస్‌క్రీమ్ పందెం.
(ఒరియా అక్షరాల్లో వచ్చిన తెలుగు ఉత్తరం ఇదే.)
– బరంపురం

ఐస్‌క్రీమ్ నీదే అమ్మడూ, మొత్తం భూమి మీద పుట్టిందే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం వాళ్ళు 1970లో దీన్ని తమ రాష్ట్ర రత్నంగా పెట్టుకున్నారు, చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన రాకెట్లు అక్కడి నుంచే ఎగిరాయి కదా అందుకని. తమాషా ఏంటంటే ఆ రాయి ఫ్లోరిడాలో దొరకదు, చంద్రుడి మీద నుంచీ రాలేదు.

కానీ ఫ్రెండ్‌కి ఒక స్పూను పెట్టు, ఎందుకో విను. చందమామలో మనకి తెల్లగా కనపడే భాగం ఉంది కదా, అది అనార్థోసైట్ అనే రాయి, దాంట్లో ఎక్కువ భాగం ఫెల్డ్‌స్పారే, అంటే మూన్‌స్టోన్ ఏ కుటుంబమో ఆ కుటుంబమే. 1971లో అపోలో 15 వాళ్ళు అలాంటి రాయి ఒకటి తెచ్చారు కూడా. మన చంద్రయాన్-3 2023 ఆగస్టు 23న దిగింది చూడు, దాంట్లోని ప్రజ్ఞాన్ రోవర్ అక్కడి మట్టిని పరీక్ష చేస్తే అదీ ఆ రకం రాయితోనే సరిపోయింది. అంతకుముందు ఇస్రో వాళ్ళు చంద్రుడి మట్టి లాంటిది తయారు చేసుకోడానికి తమిళనాడులో సిత్తంపూండి దగ్గర దొరికే అనార్థోసైట్‌నే పొడి చేసుకున్నారు.

అంత దూరం కూడా ఎందుకు, మీ బరంపురం నుంచి భువనేశ్వర్ రైలెక్కితే రంభ దాటాక చిలికా కనపడుతుంది కదా, ఆ బాలుగావ్ వైపు చిలికా ఒడ్డున ఉన్న రాళ్ళు కూడా అనార్థోసైటే. ఈసారి వెళ్ళేటప్పుడు కిటికీ సీటు అడుగు, చిలికా వైపే కాదు, కొండల వైపు కూడా ఒకసారి చూడు. ఫ్రెండ్‌ని కూడా తీసుకెళ్ళు.